రెబెక్కాను చెక్కిన నగరానికి, రెండు లక్షల రూపాయలతో

నా చిన్నతనంలో మేము దారుల్‌షిఫాలో ఒక చిన్న వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నగారు మా నలుగురినీ వెంటబెట్టుకుని సాలార్ జంగ్ మ్యూజియానికి నడిపించుకు వెళ్ళేవారు. సంగీత గడియారంలోని బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే క్షణం కోసం అందరూ మెడలు సాచి ఎదురు చూస్తుంటే, నేను మాత్రం అక్కడి నుంచి జారుకుని మేలిముసుగు రెబెక్కా అనే శిల్పం ఎదుట నిలబడేదాన్ని. ఒకే పాలరాతిలో ముఖమూ, ఆ ముఖాన్ని కప్పిన పల్చని బట్టా, ఆ బట్ట వెనక నుంచి కనిపించే కళ్ళూ పెదవులూ ఎలా చెక్కారో అర్థమయ్యేది కాదు. ఆ ముసుగు అంచు పట్టుకుని కాస్త పైకెత్తితే బాగుండునని చేతులు తహతహలాడేవి. దాన్ని చెక్కినది జొవాన్నీ మరియా బెంజోనీ అనే ఇటలీ శిల్పి అనీ, ఆయన రోమ్ నగరంలో ఉండి పనిచేశారనీ, మన హైదరాబాద్ దివాను మొదటి సాలార్ జంగ్ 1876లో ఐరోపా యాత్రకు వెళ్ళినప్పుడు ఇటలీ నుంచి ఆ శిల్పాన్ని తెచ్చారనీ ఎన్నో ఏళ్ళ తరువాత చదివాను. అలాంటి రాతి బట్టలు ఇంకెన్ని ఉన్నాయో ఆ ఊరు వెళ్ళి చూడాలన్న కోరిక నాలో ఆనాటి నుంచే ఉంది.

కోరిక తీరడానికి నాకు యాభై మూడేళ్ళు వచ్చాయి. నేను మలక్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. మావారు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. చిట్టీ చివరి నెలలో చేతికి వచ్చిన రెండు లక్షల రూపాయలను పిల్లలు "మీకోసం ఖర్చు పెట్టుకోండమ్మా" అన్నప్పుడు, నేను రోమ్ పేరు ఎత్తాను. మొదట ఒక ట్రావెల్ ఏజెన్సీకి వెళ్ళి అడిగాము. తొమ్మిది రోజుల్లో ఐదు దేశాలు చూపిస్తామన్నారు. అందులో రోమ్‌కు దక్కేది ఒకటిన్నర రోజు, ఒక్కరికి అయ్యే ఖర్చు మా ఇద్దరి డబ్బుకూ దాదాపు సమానం. ఇంటికి తిరిగి వస్తూ దారిలో మావారు, "ఐదు దేశాలు మనకెందుకు? నువ్వు చూడాలనుకున్నది ఒక్క ఊరే కదా, అక్కడే ఉండి వద్దాం" అన్నారు. ఆ మాటతో మా యాత్ర సగం ఖాయమైంది. పలుచోట్ల తిరగడం మానుకుంటే రైళ్ళకూ, విమానాలకూ, రోజుకో హోటలుకూ పెట్టే డబ్బు మొత్తం మిగిలిపోతుంది.

ఫిబ్రవరి మొదటి వారాన్ని ఎంచుకున్నాము. అప్పుడు రోమ్‌లో చలి ఉంటుంది, కానీ మంచు కురవడం చాలా అరుదు, ఒక ఉన్ని కోటుతో నెగ్గుకురావచ్చు. వేసవి నెలలతో పోలిస్తే విమాన టికెట్లూ గదులూ బాగా చవక. హైదరాబాద్ నుంచి రోమ్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి గల్ఫ్ మీదుగా మారుతూ వెళ్ళే టికెట్లను నాలుగు నెలల ముందే కొన్నాము. ఇద్దరికీ రానూపోనూ 1,08,000 రూపాయలయింది. ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. దానికి తోడు సేవా రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా కలిపితే ఇద్దరికీ 24,000 రూపాయలు. ఈ రెండు ఖర్చులనూ తగ్గించుకునే దారి మాకు కనిపించలేదు. మిగిలినది 68,000 రూపాయలు. యూరో 90 రూపాయల చొప్పున లెక్కవేసి, ఏడు రాత్రులు ఆ డబ్బుతోనే గడపాలని నిశ్చయించుకున్నాము.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రోమ్‌లోని గొప్ప శిల్పాలలో ఎన్నో మ్యూజియంలలో కాక, ఏ చర్చిల కోసం చెక్కారో ఆ చర్చిలలోనే ఈనాటికీ ఉన్నాయి. ఆ చర్చిలలో చాలావాటికి టికెట్ ఉండదు. నాకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే పదేళ్ళ క్రితమే బయలుదేరేదాన్ని. చాలామంది లెక్కవేసేది కొలోసియం, వాటికన్ మ్యూజియంల టికెట్లతో మొదలవుతుంది, అందుకే ఆ నగరం అందనిదిగా తోస్తుంది. పాలరాయి కోసం వెళ్ళేవారికి మాత్రం రోమ్ తలుపులు తెరిచి ఉంచిన ఇల్లు వంటిది.

గది విషయంలో మొదట పొరపాటు చేయబోయాము. నగరం చివరన, మెట్రో లేని పేటలో 45 యూరోలకు గది దొరికిందని సంతోషించాను. మావారు పటం ముందు వేసుకుని, రోజుకు రెండు గంటలు బస్సులోనే గడిచిపోతుందనీ, మధ్యాహ్నం అలసిపోతే వచ్చి నడుము వాల్చే వీలు ఉండదనీ, అప్పుడు హోటళ్ళలో కూర్చోవడానికే మరింత ఖర్చవుతుందనీ వివరించారు. ఆ మాట నిజం. చివరికి శాంతా మరియా మజ్జోరే బాసిలికా అనే పెద్ద చర్చికి దగ్గరలో కన్యాస్త్రీలు నడిపే వసతిగృహంలో, నగర పన్నుతో కలిపి రాత్రికి 62 యూరోలకు గది తీసుకున్నాము. రోమ్‌లో ఇలాంటి మఠ వసతులు చాలా ఉన్నాయి. రెండు ఇనుప మంచాలు, ఒక బల్ల, గోడకు ఒక శిలువ, తుడిచిపెట్టిన అద్దంలాంటి శుభ్రత. రాత్రి పదకొండు గంటలకు గేటు మూస్తారు. అక్కడి ముఖద్వారం దగ్గర ఉండే సిస్టర్ కేరళ నుంచి వచ్చినావిడ. మేము హైదరాబాద్ నుంచి వచ్చామనగానే, ఏదో చుట్టాలింటికి వచ్చినట్టు వేడినీళ్ళ కెటిల్ తెచ్చి గదిలో పెట్టింది.

విమానాశ్రయం నుంచి నగరానికి రావడంలోనే కొత్తవారు తొందరపడి ఎక్కువ చెల్లిస్తారు. ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి నగరంలోని ప్రధాన స్టేషను తెర్మినీకి నేరుగా వెళ్ళే లియొనార్దో ఎక్స్‌ప్రెస్‌కు మనిషికి 14 యూరోలు. విమానాశ్రయం స్టేషనులోనే ఎక్కే ఎఫ్.ఎల్.1 అనే మామూలు రైలుకు 8 యూరోలు. అది తెర్మినీకి వెళ్ళదు. త్రస్తేవెరే, ఒస్తియెన్సే స్టేషన్ల మీదుగా పోతుంది. ఒస్తియెన్సేలో దిగితే పక్కనే పిరామిదే మెట్రో ఉంది, అక్కడి నుంచి 1.50 యూరోల టికెట్‌తో మన గది దగ్గరికి చేరవచ్చు. మరునాడు ఇద్దరికీ 24 యూరోల వారపు పాసులు కొన్నాము. బస్సు, ట్రాము, మెట్రో అన్నిటికీ అది చెల్లుతుంది. నిజానికి నగర మధ్యభాగం నడిచి తిరగగలిగినంతే, అయినా మావారి మోకాళ్ళకు ఆ పాసు అవసరమైంది.

మేము చేరినది శనివారం. మరునాడు నెలలో మొదటి ఆదివారం కావడం యాదృచ్ఛికం కాదు, ఆ తేదీ చూసుకునే టికెట్లు కొన్నాము. ఆ రోజు ఇటలీలో ప్రభుత్వ మ్యూజియంలకూ పురావస్తు స్థలాలకూ ప్రవేశం ఉచితం. మామూలు రోజుల్లో 18 యూరోలుండే కొలోసియం, ప్రాచీన నగర కూడలి శిథిలాలైన ఫోరం, పాలటైన్ కొండ మూడింటి టికెట్ కూడా అందులో కలుస్తుంది. పొద్దున్నే వెళ్ళినా గంటన్నరకు పైగా వరుసలో నిలబడ్డాము. వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టగా ఆయన కుమారుడు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించిన ఆ కట్టడం గొప్పదే, కానీ ఆ జనసమ్మర్దంలో నాకు గుర్తుండిపోయేదేమీ దక్కలేదు. ఉచితంగా వచ్చినదాన్ని తప్పుపట్టడం లేదు. సమయం తక్కువగా ఉన్నవారు దాన్ని బయటి నుంచి చూసి సాగిపోయినా పెద్ద లోటు లేదని నా అభిప్రాయం.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే శాన్ పియెత్రో ఇన్ విన్‌కోలీ చర్చి. లోపల రెండో జూలియస్ పోపు సమాధి కోసం మైకెలాంజిలో చెక్కిన బైబిల్ ప్రవక్త మోషే విగ్రహం ఉంది. టికెట్ లేదు, వరుస లేదు. చీకటిగా ఉన్న ఆ మూలలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో నాణెం వేస్తే కాసేపు దీపాలు వెలుగుతాయి, తరువాత ఆరిపోతాయి. మావారు నాణెం వేశారు. గడ్డం పాయల్లో చిక్కుకున్న వేళ్ళు, మోకాలి మీదుగా జారిన బట్ట మడతలు, పైకి ఉబికిన చేతి నరాలు ఒక్కసారిగా వెలుగులోకి వచ్చాయి. దీపం ఆరిపోయాక అక్కడున్న పదిమందీ చీకట్లో అలాగే నిలబడి ఉన్నారు. కాసేపటికి మరెవరో ఇంకో నాణెం వేశారు. ఆ వారమంతా మా జేబుల్లో చిల్లర విడిగా ఉంచుకున్నాము. శాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీలోనూ, పియాజ్జా దెల్ పోపొలో పక్కనున్న చర్చిలోనూ కారవాజ్జో చిత్రాలకు ఆ చిల్లరే వెలుగునిచ్చింది.

చర్చిల వేళల గురించి ముందే తెలుసుకోకపోవడం వల్ల సోమవారం మధ్యాహ్నం వృథా అయింది. పదిహేడో శతాబ్దపు శిల్పి బెర్నీనీ చెక్కిన సాధ్వి తెరెసా శిల్పం కోసం పన్నెండున్నరకు శాంతా మరియా దెల్లా విత్తోరియాకు వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. మన గుళ్ళలాగే అక్కడి చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసి, మూడున్నర నాలుగు గంటలకు మళ్ళీ తెరుస్తారని ఆ సాయంత్రం సిస్టర్ చెప్పింది. బుధవారం ఉదయం పోపు దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ బాసిలికాకు ఆ పూట వెళ్ళవద్దనీ, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలనీ కూడా ఆవిడే చెప్పింది. చీర కట్టుకున్న నాకు ఆ రెండో నియమంతో ఇబ్బంది రాలేదు.

సెయింట్ పీటర్స్‌కు మంగళవారం ఏడున్నరకే చేరుకున్నాము. ప్రవేశం ఉచితం, భద్రతా తనిఖీ దగ్గర ఇరవై మంది కూడా లేరు. తలుపు దాటగానే కుడివైపు మొదటి గదిలోనే పియెతా, చనిపోయిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న మరియ తల్లి శిల్పం. 1972లో ఒకడు సుత్తితో దాడి చేసిన తరువాత దాన్ని గాజు వెనక ఉంచారు, కాబట్టి దూరం నుంచే చూడాలి. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో మైకెలాంజిలో చెక్కిన ఆ తల్లి ఒడిలోని బట్టను చూస్తూ నిలబడి, తెలియకుండానే నా కొంగు సరిచేసుకున్నాను. చనిపోయిన కొడుకు బరువుకు ఆ బట్ట ఎక్కడెక్కడ సాగిందో, ఎక్కడ ముడతలు పడిందో అంతా కనిపిస్తుంది. అక్కడ నలభై నిమిషాలున్నాము. ఎనిమిదిన్నర దాటాక గైడ్ల జెండాలు రావడం మొదలైంది.

వాటికన్ మ్యూజియంలకు వెళ్ళలేదు. నెలలో చివరి ఆదివారం అక్కడ ఉచిత ప్రవేశం, అది మా వారంలో లేదు. ఉన్న డబ్బుతో ఒక్క పెద్ద టికెట్ మాత్రమే కొనగలం అనుకున్నప్పుడు, నేను బొర్గేసే గ్యాలరీని కోరుకున్నాను. ముందుగా రిజర్వు చేసుకోవాలి, రెండు గంటలు మాత్రమే లోపల ఉండనిస్తారు. ఇద్దరి టికెట్లకూ దాదాపు ఒక రోజు చేతిఖర్చు అయింది. బెర్నీనీ ఇరవై మూడేళ్ళ వయసులో పూర్తిచేసిన ప్రొసెర్పినా శిల్పంలో, ఆమెను ఎత్తుకుపోతున్న పాతాళ దేవుడు ప్లూటో వేళ్ళు ఆమె తొడలోకి దిగి, రాయి మాంసంలా నొక్కుకుపోయి ఉంటుంది. అపోలో, దాఫ్నే శిల్పంలో, చెట్టుగా మారిపోతున్న దాఫ్నే వేళ్ళ చివరల నుంచి మొలిచిన ఆకులు వెలుగు లోపలి నుంచి ప్రసరించేంత పల్చన. చిన్నప్పుడు రెబెక్కా ముందు నాకు కలిగిన సందేహానికి ఇక్కడ కొంత జవాబు దొరికింది. రాయిని పల్చన చేస్తూ పోతే ఒక హద్దు దగ్గర అది వెలుగును మింగడం మాని లోపలికి పంపుతుంది. శిల్పి ఆ హద్దు దాకా వెళ్ళి, రాయి విరగకముందే ఆగాలి. ఈ ఒక్కచోట డబ్బు గురించి ఆలోచించకండని ఎవరికైనా చెబుతాను. ఆ బెర్నీనీ సమాధి మా గదికి దగ్గరలోనే, మజ్జోరే బాసిలికాలో నేలమీద ఒక సాదా రాతిపలక. పేరు చదవకపోతే దాటి వెళ్ళిపోతాము.

ఇక తిండి సంగతి. ఐరోపా సమాఖ్య దేశాలకు బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకువెళ్ళడం నిషేధం కాబట్టి పాలకోవా, పెరుగు మిరపకాయలు ఇంట్లోనే వదిలేశాము. నెయ్యి కలపని కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు, పులిహోర పొడి పట్టుకెళ్ళాము. గదిలో పొయ్యి లేదు. సిస్టర్ ఇచ్చిన కెటిల్‌లో నీళ్ళు కాచి అటుకులు నానబెట్టి పొద్దుటి ఫలహారం ముగించేవాళ్ళం. పియాజ్జా వితోరియోకు దగ్గరలో ఎస్క్విలీనో మార్కెట్ అని ఒక పెద్ద కూరగాయల బజారు ఉంది. బంగ్లాదేశ్ నుంచి వచ్చి స్థిరపడినవారి దుకాణాలు అక్కడ చాలా ఉన్నాయి. కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, బెండకాయలు కుప్పలు పోసి ఉంటాయి. "భాయ్, కిత్నే కా దియా?" అని మా హైదరాబాదీ హిందీలో అడగ్గానే ఒక కుర్రవాడు నవ్వి, నారింజపండ్ల సంచిలో మరో రెండు పండ్లు వేశాడు.

మధ్యాహ్నాలు పిజ్జా ఆల్ తాల్యో తినేవాళ్ళం. పెద్ద పళ్ళెం నుంచి మనకు కావలసినంత ముక్కను కత్తెరతో కత్తిరించి, తూకం వేసి, కాగితంలో చుట్టి ఇస్తారు. బంగాళాదుంపలు వేసినదీ, టమాటా మాత్రమే పూసినదీ మావారికి నచ్చాయి. శాకాహారులకు దీనికి మించిన సౌకర్యం లేదు. ఇద్దరికీ ఎనిమిది తొమ్మిది యూరోలలో కడుపు నిండేది. కాఫీ విషయంలో హైదరాబాదీలు ఇబ్బంది పడరు. మన టిఫిన్ సెంటర్లో కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకుని, నిలబడి తిని వచ్చినట్టే, అక్కడ చాలా కాఫీ బార్లలో ముందు డబ్బు కట్టి, రసీదు ఇచ్చి, బల్ల దగ్గర నిలబడి తాగుతారు. ఎస్ప్రెసో ఒక యూరోకో కాస్త ఎక్కువకో వస్తుంది. అదే కుర్చీలో కూర్చుంటే ధర రెట్టింపూ అంతకు మించీ కావచ్చు. పేరున్న కూడళ్ళలో ఆ తేడా మరీ ఎక్కువ, కాబట్టి ధరల పట్టిక చూడకుండా కుర్చీ లాగవద్దు. ఒక్క రాత్రి మాత్రం త్రస్తేవెరేలో హోటలులో కూర్చుని మిరియాల పొడి, గొర్రెపాల చీజు కలిపిన కాచో ఎ పెపె అనే పాస్తా తిన్నాము. బిల్లులో రొట్టెకు విడిగా వేశారు, అది అక్కడ మామూలే.

నీళ్ళకు మేము ఒక్క యూరో కూడా ఖర్చు పెట్టలేదు. రోమ్ వీధుల్లో నజోనీ అనే పోత ఇనుప కుళాయిలు సుమారు 2,500 ఉన్నాయి. 1870లలో పెట్టడం మొదలైన ఈ కుళాయిల ముక్కులాంటి గొట్టం నుంచి చల్లని మంచినీరు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటుంది. ఆ గొట్టం చివర వేలితో మూస్తే పైన ఉన్న చిన్న రంధ్రం నుంచి నీళ్ళు చిమ్ముతాయి, నోరు పెట్టి తాగవచ్చు. ఇది ఆ ఊరి పాత అలవాటు. క్రీ.పూ. 19లో రోమన్ సేనాని అగ్రిప్ప తవ్వించిన ఆక్వా విర్గో కాలువ మరమ్మతులతో ఈనాటికీ పనిచేస్తూ త్రేవీ ఫౌంటెన్‌కు నీరందిస్తోంది. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టడాన్ని పుణ్యంగా ఎంచే మనకు, ఒక నగరం ఏడాది పొడవునా వీధి వీధిలో చలివేంద్రం నడపడం చూస్తే మనసు నిండుతుంది. మావారు ఆ కుళాయి కనిపించిన ప్రతిచోటా దాహం లేకపోయినా ఆగి తాగేవారు.

డబ్బు కట్టిన మరొకటి పాంథియాన్ అనే ప్రాచీన రోమన్ గుడి. ఒకప్పుడు ఉచితంగా ఉన్న దానికి 2023 జూలై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. 43 మీటర్ల పైచిలుకు వ్యాసమున్న ఆ గుమ్మటం నడినెత్తిన తెరిచి ఉంచిన గుండ్రని కన్ను గుండా ఆ రోజు సన్నని వాన లోపలికి పడుతోంది, నేలలోని చిన్న రంధ్రాల్లోకి నీరు ఇంకుతోంది. ఆ ఐదు యూరోలు సార్థకమయ్యాయి.

తెరెసా శిల్పాన్ని గురువారం సాయంత్రం నాలుగున్నరకు మళ్ళీ వెళ్ళి చూశాను. శుక్రవారం శాన్ ఫ్రాంచెస్కో ఆ రీపాలో బెర్నీనీ డెబ్భై దాటిన వయసులో చెక్కిన లుదోవికా అల్బెర్తోనీ శిల్పాన్ని చూశాము. ప్రాణం పోయే వేళ ఆమె కట్టుబట్ట అలలుగా లేచి ఉంటుంది. ఆ చర్చిలో మేమిద్దరమూ, చీపురుతో ఊడుస్తున్న ఒక ముసలాయనా తప్ప ఎవరూ లేరు.

చివరి రోజు శనివారం. విమానాశ్రయానికి వెళ్ళే రైలు త్రస్తేవెరేలో ఆగుతుంది కాబట్టి, పొద్దున్నే సామాను తీసుకుని అదే పేటలోని శాంతా చెచీలియా చర్చికి వెళ్ళాము. బలిపీఠం కింద, నల్లరాతి గూటిలో స్తెఫానో మదేర్నో 1600లో పూర్తిచేసిన, మతం కోసం ప్రాణమిచ్చిన సాధ్వి సిసిలియా విగ్రహం. ఒక పడుచుపిల్ల పక్కకు తిరిగి పడుకున్నట్టు ఉంటుంది. మెడ మీద కత్తి గాటు. తలకు బట్ట చుట్టి ఉంది, ముఖం అవతలి వైపు నేలకు ఆనుకుని ఉంది. 1599లో ఆమె సమాధి తెరిచినప్పుడు దేహం ఎలా కనిపించిందో అలాగే చెక్కానని శిల్పి చెప్పుకున్నాడట. రెబెక్కా ముసుగు వెనక ముఖం కనిపిస్తుంది. ఇక్కడ శిల్పి ముఖాన్ని చూపనే లేదు, తల మీది ఆ బట్ట మడతలతోనే అంతా చెప్పాడు. చేతులు సాచి ఉన్నాయి, ఒక చేతికి మూడు వేళ్ళు, రెండో చేతికి ఒక వేలు చాపి ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఎటు వంగి చూసినా ఆ ముఖం కనిపించలేదు.

మావారు పెట్టెల దగ్గర నిలబడి గడియారం చూస్తున్నారు. "ఇంకొక్క ఐదు నిమిషాలండీ" అన్నాను. ఆయన వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు. తరువాత 8వ నంబరు ట్రాము ఎక్కి త్రస్తేవెరే స్టేషనులో దిగాము. 16 యూరోలతో రెండు టికెట్లు కొన్నాక పర్సులో 11 యూరోలు మిగిలాయి, వాటిని ఇప్పటికీ రూపాయల్లోకి మార్చలేదు.